మోగని ఈలకు చెయ్యెత్తిన రాజన్న

మైకు సెట్ల పని నేర్చుకుంటామంటూ ఈ మధ్య కుర్రవాళ్లు నా దగ్గరికి వస్తున్నారు. వచ్చీ రాగానే ఏ స్పీకరు మంచిది, ఎన్ని వాట్లుండాలి అని అడుగుతారు. చెవి గురించి అడిగినవాడు ఇంతవరకు ఒక్కడూ లేడు. మనం ఎంత పెద్ద భోంగా, అదే గొట్టం మైకు, కట్టినా దాని మోత చివరికి పోయి చేరేది మనిషి చెవిలోకే కదా. ఆ చెవి ఎట్లా వింటుందో, దేన్ని వదిలేస్తుందో తెలియకుండా ఈ పనిలోకి దిగడమంటే ఎద్దుల సంగతి తెలియకుండా బండి తోలడమే.

నాకు జీతం ఎప్పుడు పెరిగిందీ, ఎవరి చేత శాలువా కప్పించుకున్నదీ ఇక్కడ రాయను. నిజానికి అవి నాకు సరిగ్గా గుర్తు కూడా లేవు. గుర్తున్నది పని నేర్పిన మనుషులు. ఒక ఉస్తాద్, ఒక టాకీ సేఠ్, చెరకు మిల్లులో ఒక మేనేజరు, అదే మిల్లులో రాజన్న. అందరికంటే రాజన్న గురించే ఎక్కువ చెప్పాలి. నేను పెట్టిన పరీక్ష వల్ల అతని చేతులకే ముప్పు వచ్చింది.

ఖాళీ దెబ్బ

నిజామాబాద్ బజారులో ఖాజా ఉస్తాద్‌కు గ్రామఫోన్ల మరమ్మతు దుకాణం ఉండేది. స్కూలు చదువు అయిపోయి ఏం చెయ్యాలో తోచక తిరుగుతున్న నన్ను మా బాపు ఆయన దగ్గర చేర్చాడు. ఉస్తాద్ సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. నవ్వు తక్కువ, పాన్ ఎక్కువ.

ఒకరోజు ఒక దేశ్‌ముఖ్ గారి గ్రామఫోన్ వచ్చింది. వెంట ఆ దేశ్‌ముఖే వచ్చాడు. పాట మొద్దుగా వస్తోందన్నాడు. ఉస్తాద్ పాత సూది తీసి కొత్తది పెట్టాడు. పాట తేటపడింది, దేశ్‌ముఖ్ తలాడించాడు. ఉస్తాద్ అంతటితో ఊరుకోలేదు. సూది మళ్లీ తీశాడు. వెలుతురుకు పెట్టి చూశాడు, గుడ్డతో తుడిచాడు, అదే సూదిని అదే చోట బిగించి ఇప్పుడెట్లుంది సాబ్ అని అడిగాడు. దేశ్‌ముఖ్ కళ్లు మూసుకుని విని, ఇప్పుడే అసలు మజా వచ్చిందన్నాడు.

ఆయన పోయాక నేను పడీ పడీ నవ్వాను. ఉస్తాద్‌కు కోపం వచ్చింది. దేశ్‌ముఖ్‌ను ఎగతాళి చెయ్యడానికి తానా పని చెయ్యలేదన్నాడు.

"అరె, మొదటిసారి బాగైంది అన్నడు గదా. గది చెవి చెప్పిన మాటనా, ఆశ చెప్పిన మాటనా? నాకెట్ల తెల్వాలె? అందుకే ఒక ఖాళీ దెబ్బ కొట్టి సూడాలె."

ఏమీ మార్చకుండా మార్చినట్టు చేసి అడగడాన్ని ఆయన ఖాళీ దెబ్బ అనేవాడు. మనిషి చెవితో మాత్రమే వినడని నాకు తెలిసింది అప్పుడే. కంటితో వింటాడు, ఆశతో వింటాడు, ఎదుటివాడి మీద గౌరవంతో, భయంతో కూడా వింటాడు. తర్వాత పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు ఇదే విషయాన్ని గంభీరమైన మాటల్లో చెబుతుంటే విన్నాను. ఉస్తాద్ పాన్ నములుతూ చెప్పిన దానికంటే ఎక్కువేమీ కనబడలేదు.

డోలు వాయించేవాడు పడుకున్నాడు

ఊళ్లోకి టాకీ వచ్చాక ఉస్తాద్ సిఫారసుతో అక్కడ సౌండు చూసే పనిలో చేరాను. సొంత ఇంజను, రేకుల కప్పు, ముందు నేల, వెనక కుర్చీలు. సేఠ్ మంచివాడే కానీ సౌండంటే నల్లా నీళ్లనుకునేవాడు. తిప్పితే ఎక్కువ, కట్టితే తక్కువ, అంతే లెక్క.

ఆడవాళ్ల వైపు నుంచి చెవులు పగిలిపోతున్నాయని ఫిర్యాదు వస్తే సేఠ్ సౌండు బాగా తగ్గించమన్నాడు. తగ్గించాను. రెండో పాటకల్లా నేలవాళ్లు గోల మొదలుపెట్టారు. డోలు వాయించేటోడు పండుకున్నడా అని ఒకడు అరిచాడు. నిజంగానే డోలు, మద్దెల మాయమై గొంతు ఒక్కటే సన్నగా వస్తోంది. నేను మిషనంతా విప్పి చూశాను. ఏ లోపమూ లేదు.

కబురు పెడితే ఉస్తాద్ వచ్చాడు, మిషను వంక కూడా చూడలేదు. డోలును మిషను తినలేదు, చెవి తినేసింది అన్నాడు. మోత పెద్దగా ఉన్నప్పుడు చెవి లావు శబ్దాన్నీ సన్న శబ్దాన్నీ ఇంచుమించు ఒక్క తీరుగానే పట్టుకుంటుంది. అంతా కలిపి తగ్గిస్తే ముందుగా లావు శబ్దాన్ని వదిలేస్తుంది. అందుకని మొత్తం తగ్గించినప్పుడు డోలు వైపు కొంచెం ఎత్తి ఉంచాలి. ఈ మాట సేఠ్‌కు చెబితే, తగ్గించమంటే పెంచుతానంటావేందిరా అని నా మీద లేచాడు. ఆయనకు చెప్పకుండా ఎత్తి పెట్టాను. మరునాడు సేఠే నా భుజం తట్టి, నా మాట విన్నవు, సౌండు కుదిరింది అన్నాడు. కొందరు పెద్దల దగ్గర ఇట్లాగే పని చేసుకుపోవాలి, వాదించి లాభం లేదు.

పొలాల్లో వినబడే భోంగా

టాకీకి తరచుగా వచ్చేవాళ్లలో దేశ్‌పాండే అని ఒక మేనేజరు ఉండేవాడు. నిజాంసాగర్ నీళ్లు వచ్చాక బోధన్ వైపు ఎక్కడ చూసినా చెరకే. అక్కడ వేరే సేఠ్ ఒకాయన పెట్టిన చిన్న మిల్లును ఈయన చూసుకునేవాడు. మరాఠీ మనిషి, ఇక్కడి తెలుగు బాగానే మాట్లాడేవాడు. జేబులో వెండి గడియారం, రోజుకు వందసార్లు దాన్ని తీసి చూసుకునే అలవాటు. దాని టిక్కుటిక్కు చెయ్యి చాచినంత దూరం నుంచి కూడా తనకు వినబడుతుందని గొప్పగా చెప్పుకునేవాడు.

ఆయన నా దగ్గరికి వచ్చింది మాత్రం వేడుకకు కాదు. మిల్లులో చెరకు పిండే క్రషర్లు వరసగా ఉంటాయి. గోడ అవతల ఇంజను. అక్కడినుంచి బెల్టు వచ్చి రోలర్లను తిప్పుతుంది. చెరకు అడ్డం పడి రోలర్లు బిగుసుకుంటే గోడ అవతల సాయిలు అనే ఇంజను మనిషి ఆ క్రషరు బెల్టు తప్పిస్తాడు. ఇవతలివాడు చెయ్యి పెట్టి, నలిగి ఇరుక్కున్న చెరకు లాగేస్తాడు. తర్వాత సాయిలు గాలితో కూసే భోంగా ఒకసారి మోగించి బెల్టు మళ్లీ ఎక్కిస్తాడు. ఆ మోత వినగానే చెయ్యి వెనక్కి తీసుకోవాలి. పక్క క్రషర్లు తిరుగుతూనే ఉంటాయి కనుక ఆ హోరులో భోంగా వినబడటం లేదు. కిందటి సీజనులో ఒకతనికి వేళ్లు పోయాయి. దేశ్‌పాండే నన్ను అడిగింది ఇంకా పెద్ద భోంగా.

మిల్లుకు పోయి చూశాను. ఉన్న భోంగా మోత ఊరవతల పొలాల్లో చెరకు నరికేవాళ్లకు చక్కగా వినబడుతోంది. రోలరు ముందర నిలబడ్డవాడికి మాత్రం వినబడటం లేదు. క్రషర్ల హోరు లావు శబ్దం, భోంగాది కూడా లావు శబ్దమే. జాతరలో పది డప్పులు మోగుతుంటే పదకొండో డప్పును ఎవరు పట్టించుకుంటారు? అదే సన్నాయి అయితే విడిగా తెలుస్తుంది. పెద్ద భోంగా వద్దని చెప్పి, ఇంజను గాలి ట్యాంకు నుంచి గొట్టం లాగి సన్నని ఇత్తడి ఈల బిగించాను. మోగించి ఎట్లుందని అడిగితే అందరూ ఒక్క గొంతుతో మంచిగ ఇనబడ్తుంది దొర అన్నారు. నాకు భోంగా సాబ్ అని పేరు కూడా పెట్టారు. ఈల కట్టినవాడికి భోంగా పేరేమిటని నేను అడగలేదు.

నలుగురూ మెచ్చుకుంటుంటే మనసుకు బాగానే ఉంది. కానీ ఆ "దొర" దగ్గర నా మనసు ఆగిపోయింది. ప్యాంటు తొడుక్కుని నిజామాబాద్ నుంచి వచ్చినవాడు, పక్కన మేనేజరును పెట్టుకుని అడిగితే, వినబడలేదని ఎవరంటారు? దేశ్‌ముఖ్ సూది గుర్తొచ్చింది. పరీక్ష చెయ్యాలన్నాను.

అందరికంటే బాగా విన్నవాడు

పరీక్ష ఇది. క్రషర్లన్నీ తిరుగుతుంటాయి. మనుషులు ఎవరి క్రషరు ముందు వాళ్లు, ఒకరికొకరు కనబడకుండా నిలబడతారు. ఈల వినబడిన ప్రతిసారీ చెయ్యెత్తాలి. నేను గోడ అవతల ఉండి, అనుకున్న సమయాలకు గడియారం చూసి ఈల మోగిస్తాను. ఆ సమయాలు ముందే చెప్పి ఉంచిన దేశ్‌పాండే ఇవతల నిలబడి, ఆ వేళలకు తన గడియారం తీసి చూసి ఎవరు చెయ్యెత్తారో గమనిస్తాడు. ఆయనకు నేను చెప్పనిది ఒక్కటే. మూడోసారి ఈల ఊదను. అది ఖాళీ దెబ్బ.

అంతా అయ్యాక దేశ్‌పాండే ఉత్సాహంగా గోడ అవతలికి వచ్చాడు.

"అన్నిసార్లు అందరు చెయ్యెత్తిండ్రు. మూడోసారి మాత్రం ఒక్క రాజన్నే. మిగిలినోళ్లకు పత్తా లేదు. అరె, వానికి జింక చెవులున్నయ్!"

ఆయన అప్పుడే నిర్ణయం కూడా చేసేశాడు. ఇకనుంచి ఏ క్రషరులో చెరకు ఇరుక్కున్నా తీసే పని రాజన్నదే. మిల్లులో అందరికంటే బాగా వినేవాడు అతనే కాబట్టి అందరికంటే ప్రమాదమైన పని అతనికి ఇవ్వాలి, ఎల్లుండి నుంచే. ఆయన లెక్క ఆయనకు సరిగ్గానే ఉంది.

మోగని ఈలకు చెయ్యెత్తినవాడు మోగిన ఈలను మాత్రం విన్నాడా? ఆ అనుమానంతో రాజన్న దగ్గరికి పోయాను. నలభై ఏళ్లుండే మనిషి, చాలా సీజన్లుగా రోలర్ల ముందరే పని. మిల్లులో హోరుకు మాటలు వినబడవు కనుక అందరూ చేతి సైగలతో, పెదవులు చూసి మాట్లాడుకుంటారు. ఆ విద్యలో రాజన్నది అందరికంటే పైచెయ్యి అనేవారు. అతనికి ఆ విద్య ఎందుకంత బాగా వచ్చిందో ఎవరూ ఆలోచించలేదు.

పొద్దుతిరిగే వేళ పిప్పి కుప్పల అవతల అన్నం తింటున్నాడు. సద్ది తెచ్చిన అతని భార్య లచ్చవ్వ పక్కన కూర్చుని ఉంది. నేను ముఖానికి ముఖం పెట్టి, మెల్లగా, మూడోసారి నేను ఈల ఊదలేదని చెప్పాను. ముద్ద కిందికి దించాడు.

"ఒక్కపారి గూడ ఇనబడలే సాబ్. మేనేజర్ సాబ్ గడియారం తీసి సూసినప్పుడల్లా చెయ్యెత్తిన."

ఎందుకట్లా చేశావని అడిగాను.

"ఎత్తకపోతే ఇంటికి పొమ్మంటరు. పోయిన యేడు మా తోటోన్ని గట్లనే పంపిండ్రు. సిరికొండ గుట్టల్ల పుట్టినోన్ని సాబ్, ఆకుల మీద పాము పోతే ఇనబడేది నాకు. గిప్పుడు గీమె గాజుల సప్పుడు గూడ ఇనబడ్తలేదు."

లచ్చవ్వ తన చేతుల గాజుల వైపు చూసుకుని కొంగు కప్పుకుంది. డప్పు మోత, బండి చప్పుడు, మగవాళ్ల గొంతు అతనికి బాగానే అందుతాయట. సన్నని శబ్దాలే పోయాయి. హోరులో ఏళ్లతరబడి పనిచేసేవాళ్ల చెవికి ముందుగా పోయేది ఆ సన్నని కొసే. అంటే హోరును దాటే శబ్దం కావాలని నేను ఏరికోరి తెచ్చిన ఈల, ఆ హోరులో పాతబడ్డ మనిషికే అందదు. కొత్తగా వచ్చినవాళ్లకు మంచి ఈల. రాజన్నకు ఈల లేనట్టే.

మేనేజర్‌కు చెప్పవద్దని లచ్చవ్వ నా కాళ్లకు దండం పెట్టబోయింది. నేను వెనక్కి జరిగాను. చెబితే కూడు పోతుంది, చెప్పకపోతే ఎల్లుండి నుంచి చెయ్యి రోలర్ల మధ్య ఉంటుంది. అంత ఇరకాటం నాకు అంతకు ముందు రాలేదు.

మేనేజర్ గడియారం

సాయంత్రం బండికి నిజామాబాద్ పోయి ఉస్తాద్‌కు అంతా చెప్పాను. రాజన్న అబద్ధం ఆడాడని నేనన్న మాటకు ఆయన ఒప్పుకోలేదు.

"నువ్వు చెవిని అడిగినవ్, కడుపు జవాబు చెప్పింది. పో, ఈసారి కడుపు నిండినోని చెవిని అడుగు."

ఆ మాట వెనక్కి వచ్చేదాకా నాతోనే ఉంది. కడుపు నిండినవాడంటే దేశ్‌పాండే. మరునాడు పొద్దున్నే ఆయన దగ్గరికి పోయి, ఈల ఇంకా సరిగ్గా కుదరలేదు, మీరు స్వయంగా ఒక పూట రోలర్ల ముందు నిలబడితే తప్ప తేలదు అన్నాను. రాజన్న పేరు ఎత్తలేదు. తన చెవుల మీద ఆయనకున్న గర్వం నాకు పనికొచ్చింది. కోటు విప్పి పక్కన పెట్టి, పొద్దుటినుంచి అన్నం వేళ దాకా క్రషరు ముందర నిలబడ్డాడు. పనివాళ్లు ఆయన్ని చూసి ముసిముసిగా నవ్వుకున్నారు.

అన్నం వేళకు ఆయన్ని పొలం గట్టు మీదికి తీసుకుపోయి గడియారం తీయమన్నాను. చెయ్యి చాచి పట్టుకున్నాడు. దగ్గరికి తెచ్చుకున్నాడు. చెవికి ఆనించుకున్నాడు. ఆగిపోయిందేమోనని ముల్లు చూశాడు, అది నడుస్తూనే ఉంది. కీ తిప్పి మళ్లీ చెవికి పెట్టుకున్నాడు. టిక్కుటిక్కు అందలేదు.

రేపటికి వినికిడి తిరిగి వస్తుంది, భయపడకండి అన్నాను. ఒక్క పూటకు ఇట్లా అయితే సీజను వెంబడి సీజను అక్కడే ఉండేవాళ్ల సంగతి ఏమిటో మీరే చెప్పండి, వాళ్లకు మాత్రం తిరిగి రాదు అన్నాను. ఇది ఒక మనిషి లోపం కాదు, ఈ మిల్లులో ఎవరు పాతబడినా ఇంతే. చెవుడున్నవాళ్లను తీసేస్తూ పోతే పని తెలిసినవాడు ఒక్కడూ మిగలడు.

ఆయన గడియారాన్ని గుప్పిట్లో పట్టుకుని గట్టు మీద కూర్చుండిపోయాడు. మరి ఏ శబ్దం పెడతావని అడిగాడు. ఏ శబ్దమూ పెట్టనని చెప్పాను. శబ్దం మీద బతికేవాడు ఆ మాట అనడం నాకే వింతగా తోచింది. కానీ అక్కడ తప్పు ఈలదీ కాదు, భోంగాదీ కాదు. మోత వినబడకపోతే చెయ్యి పోతుంది అన్న ఆ ఏర్పాటే తప్పు. చెవి వినబడనివాడు బతకాలంటే, ఏమీ జరగకపోవడమే, అంటే తాను కదిలించేదాకా బెల్టు ఎక్కకపోవడమే, అతన్ని కాపాడాలి.

బెల్టు ఎక్కించే కర్రకు ఇనుప కొక్కెం పెట్టించాను. బెల్టు తప్పించగానే కర్ర కొక్కేనికి చిక్కుకుంటుంది. ఆ కొక్కేన్ని విడిపించే తాడు గోడకు బెజ్జం చేసి ఇవతలికి, క్రషరు వైపుకు తెచ్చాం. రోలర్ల నుంచి ఆ తాడు కొస ఎంత దూరమంటే, తాడు పట్టుకున్నవాడి చెయ్యి రోలర్లకు అందదు. చెయ్యి పెట్టినవాడే వచ్చి తాడు లాగాలి. అతను లాగేదాకా సాయిలు తలకిందులుగా తపస్సు చేసినా బెల్టు ఎక్కదు. మొదట్లో సాయిలుకు ఇది నచ్చలేదు. తన ఇంజనుకు ఇవతలివాళ్లు కళ్లెం వేశారని గొణిగేవాడు. వారం తిరిగేసరికి అతనికే నిశ్చింతగా అనిపించింది. గోడ అవతల ఎవరి చెయ్యి ఎక్కడుందో తెలియకుండా కర్ర తోయడం అతనికీ అంతవరకు గుండెల్లో రాయిగానే ఉండేదట.

తాళ్లు బిగించడం అయ్యాక దేశ్‌పాండే నన్ను స్టేషన్ దాకా తన బగ్గీలో దింపాడు. దారిలో ఉన్నట్టుండి అడిగాడు.

"మూడోసారి నువ్వు సీటి ఊదలేదు గదా?"

నేను రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను. ఆయన గడియారం తీసి చూసి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"చెరకు తీసే పని రాజన్నకే ఉంచుత. తాడు లాగుడు మిగిలినోళ్లకు వాడే నేర్పాలె. వానికంటే పైలంగ ఎవడు చేస్తడు?"

ఆ మనిషి మీద అప్పటిదాకా ఉన్న చిన్నచూపు నాకు ఆ బగ్గీలోనే పోయింది. తప్పు తెలిశాక గౌరవం పోగొట్టుకోకుండా దిద్దుకునే పెద్దలు మీకు ఎక్కువమంది దొరకరు. దొరికితే వాళ్ల దగ్గరే పని చెయ్యండి.

తెర వెనక

తర్వాత రెండు సీజన్లు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఆట మొదలయ్యాక టాకీ పక్క తలుపు దగ్గర ఎవరో నా కోసం అడుగుతున్నారంటే బయటికి వచ్చాను. రాజన్న, లచ్చవ్వ. మిల్లుకు సెలవట, ఆట చూడటానికి వచ్చారు. రాజన్న చెవి ఇంకా తగ్గింది. నేల మీద అందరికంటే ముందు కూర్చున్నా పాట సరిగ్గా అందడం లేదన్నాడు. ఆ మాట సిగ్గు లేకుండా చెప్పాడు, మిల్లులో కూడా ఇప్పుడు ఎవరి దగ్గరా దాచుకోవడం లేదట.

ఇద్దరినీ తెర వెనక్కి తీసుకుపోయాను. అక్కడ మనిషెత్తు చెక్క పెట్టెలో స్పీకరు ఉంటుంది. పాట వస్తోంది, ఎవరో నాట్యం చేస్తున్నారు. రాజన్న రెండు అరచేతులూ ఆ చెక్కకు ఆనించాడు. కొంతసేపటికి తల ఊగడం మొదలైంది.

"మద్దెల దొరుకుతుంది అన్నా. గజ్జెలే దొరుకుతలేవు."

సాబ్ పోయి అన్న ఎప్పుడు వచ్చిందో నేను గమనించలేదు. గజ్జెలంత సన్నని శబ్దాన్ని చెక్క నుంచి అరచేతికి ఎక్కించే విద్య నాకు తెలియదు, ఉస్తాద్‌కూ తెలియదు. లచ్చవ్వ ఒక్క క్షణం పాట విన్నది. తర్వాత చెయ్యి చాపి, రాజన్న వేళ్ల మీద తన వేలితో గజ్జెల దరువు వెయ్యసాగింది. చిటికెన వేలు, దాని పక్కది, మధ్యది, ఒక్కొక్క వేలి మీదుగా బొటనవేలి దాకా పోయి, రెండో చేతి మీదికి మారింది. ఎక్కడా ఆగవలసిన అవసరం రాలేదు. వేళ్లన్నీ ఉన్నాయి.